చీమకుర్తి రాయి, చంద్రుడి రాయి

(ఫోన్-ఇన్ కార్యక్రమం. అతిథి: గ్రహాల ఉపరితలాల మీద పనిచేసే భూగర్భ శాస్త్రవేత్త)

యాంకర్: నమస్కారం. చంద్రుడు, అంగారకుడు, మంచుతో నిండిన ఉపగ్రహాలు... వీటి నేల గురించీ గాలి గురించీ చదవాలనుకునేవాళ్ల ప్రశ్నలకి మేడమ్ జవాబులు చెబుతారు. మొదటి కాల్ లైన్లో ఉంది. హలో, చెప్పండమ్మా.

శ్రోత: హలో, నమస్కారమండి. చీమకుర్తి దగ్గర నుంచి మాట్లాడుతున్నా, ప్రకాశం జిల్లా. బీఎస్సీ జియాలజీ రెండో సంవత్సరం.

యాంకర్: రేడియో సౌండ్ కొంచెం తగ్గించమ్మా.

శ్రోత: ఆ, తగ్గించానండి. మేడమ్, నాకు చంద్రుడి మీద పరిశోధన చేయాలని ఉంది. మా నాన్న క్వారీలో పనిచేస్తారు. మన ఊళ్లో రాళ్లు చాలవా, ఆకాశంలో రాళ్లు ఎందుకమ్మా అంటారు. కాలేజీలోనేమో అది ఫిజిక్స్ వాళ్ల పని అంటున్నారు. ఏం చేయాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

అతిథి: టెన్షన్ పడకు తల్లీ. మీ నాన్నగారి క్వారీలో వచ్చేది బ్లాక్ గెలాక్సీయేనా? నల్లరాయి, మధ్య మధ్యలో బంగారు చుక్కలు?

శ్రోత: అదే మేడమ్.

అతిథి: మార్కెట్లో గ్రానైట్ అంటారు గానీ అది గాబ్రో జాతి రాయి. ఆ మెరిసే చుక్కలు బ్రాంజైట్, అంటే పైరాక్సీన్ కుటుంబంలోని ఖనిజం. ఇప్పుడు చంద్రుణ్ణి తలుచుకో. మనం చిన్నప్పుడు కుందేలు అని చూసిన ఆ నల్ల మచ్చలు లావా గడ్డకట్టిన బసాల్ట్ మైదానాలు. వాటిలోనూ పైరాక్సీన్ దండిగా ఉంటుంది. అక్కడి నేల మీద ఎండ పడి తిరిగొచ్చిన కాంతిని విడగొట్టి గ్రాఫు గీస్తే, పైరాక్సీన్ ఉన్నచోట 1 మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, తరంగదైర్ఘ్యం దగ్గర ఒక గుంట, 2 మైక్రాన్ల దగ్గర ఇంకో గుంట కనిపిస్తాయి. ఆ గుంట కాస్త ఇటు జరిగిందా అటు జరిగిందా అన్నదాన్ని బట్టి అందులో ఇనుము, కాల్షియం ఎంత ఉన్నాయో అంచనా వేస్తారు. చంద్రయాన్-1లో ఎం-త్రీ అనే పరికరం ఇలాగే చూసింది. చంద్రుడి నేల మీద నీటి ఆనవాళ్లు ఉన్నాయని 2009లో తెలిసింది కూడా 3 మైక్రాన్ల దగ్గర కనిపించిన గుంటతోనే. రాయిని చేత్తో పట్టుకుని ఇది ఫలానా ఖనిజం అని చెప్పగలిగిన మనిషి లేకపోతే, ఆ గ్రాఫు ఒట్టి వంకర గీతే కదా! ఇది ఫిజిక్స్ వాళ్ల పని మాత్రమే అంటే నేను ఒప్పుకోను.

శ్రోత: నాన్నకి ఎలా చెప్పాలి మేడమ్?

అతిథి: చంద్రయాన్-2 కోసం ఇస్రోకి చంద్రుడి మట్టిలాంటి మట్టి కావాల్సి వచ్చింది. ఎక్కణ్ణుంచి తెచ్చారో తెలుసా? తమిళనాడులో సిత్తంపూండి దగ్గర దొరికే అనార్థోసైట్ రాయిని పొడి కొట్టించారు. చంద్రుడి మీద తెల్లగా కనిపించే ఎత్తు ప్రాంతాల రాయి ఆ జాతిదే. ఇది చెప్పు, ఆయనకి వెంటనే అర్థమవుతుంది. రాయి గుణం ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు?

శ్రోత: ఇప్పటి నుంచి నేనేం చదవాలి?

అతిథి: మైక్రోస్కోపు కింద రాతి పలకలు చూసే ప్రాక్టికల్ ఒక్కటి కూడా వదలొద్దు. ఇస్రోకి ప్రదాన్ అనే పోర్టల్ ఉంది. పేరు నమోదు చేసుకుంటే చంద్రయాన్ డేటా ఉచితంగా ఇస్తారు. క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నేర్చుకుని, చంద్రుడి మీద ఒక్క బిలం ఎంచుకుని నీ చేత్తో మ్యాపు గియ్యి. తర్వాత ఎమ్మెస్సీ, నెట్ గానీ గేట్ గానీ రాసి అహ్మదాబాద్‌లోని పీఆర్‌ఎల్ పరిశోధనాశాల లాంటి చోట పీహెచ్‌డీకి వెళ్లొచ్చు. ఒక్క మాట, లెక్కలు వదిలేయకు. నేను డిగ్రీలో వదిలేశాను. తర్వాత నేలలోకి వేడి ఎలా దిగుతుందో లెక్కగట్టాల్సి వచ్చినప్పుడు ఆ సమీకరణాలతో రెండేళ్లు కుస్తీ పట్టాను. ఆ రెండేళ్లు నీకు మిగలాలి.

యాంకర్: మంచిదమ్మా. తర్వాతి కాల్ నిజామాబాద్ నుంచి.

శ్రోత: నమస్తే మేడమ్. మా బాబు ఇంటర్ ఎంపీసీ. ఆరు నెలల స్పేస్ సర్టిఫికెట్ కోర్సు అంట, ఆన్‌లైన్‌లో. లక్షకి పైనే అడుగుతున్నరు. కట్టమంటరా?

అతిథి: కట్టకండి. ఆ డబ్బు బాబు డిగ్రీకి దాచండి. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో ర్యాంకు వస్తే తిరువనంతపురంలో అంతరిక్ష చదువుల సంస్థ ఐఐఎస్‌టీ ఉంది. రాకపోయినా దిగులొద్దు, మంచి కాలేజీలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, జియాలజీ ఏది చదివినా ఈ రంగంలోకి దారి ఉంది. గ్రహాల గాలి మీద పనిచేసేవాళ్లలో కెమిస్ట్రీ వాళ్లు చాలామందే ఉన్నారండి.

శ్రోత: సరే మేడమ్, మంచిగ చెప్పిన్రు.

యాంకర్: శ్రీకాకుళం నుంచి ఒక మాస్టారు.

శ్రోత: నమస్కారం మేడమ్. హైస్కూల్లో సైన్స్ చెబుతానండి. చంద్రయాన్-3 దిగినచోట పైన ఎండకి మాడిపోతుంటే జానెడు లోతు కూడా లేనిచోట చల్లగా ఉందన్నారు. పిల్లలు నమ్మట్లేదండి.

అతిథి: మాస్టారూ, చాస్టే అనే పరికరం నేలలోకి గుచ్చి చూసింది. 2023 ఆగస్టులో ఇస్రో ఇచ్చిన గ్రాఫులో 8 సెంటీమీటర్ల లోతున మైనస్ 10 డిగ్రీలుంది. పైన ల్యాండర్ దిగినచోట 82 దాకా వెళ్లింది. ఎందుకంటే అక్కడ నేల సూర్యుడి వైపు 6 డిగ్రీలు వాలి ఉంది. ఒక్క మీటరు పక్కన, చదునైనచోట 59 మాత్రమే! కొంచెం వాలుకే ఇంత తేడా. అంటే ధ్రువాలకి దగ్గర్లో, ఎండకి పెడగా ధ్రువం వైపుకి 14 డిగ్రీలకంటే ఎక్కువ వాలిన నేలలో తక్కువ లోతులోనే మంచు ఉండొచ్చు. నాకు ఈ ఫలితం ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు.

శ్రోత: కింద అంత చల్లగా ఎందుకుందండీ?

అతిథి: చంద్రుడి మట్టి పిండిలాంటి పొడి. రేణువుల మధ్య గాలి లేదు. ఒక రేణువు నుంచి ఇంకో రేణువుకి వేడి పాకడం చాలా కష్టం.

శ్రోత: మరి గాలి ఉన్నచోట?

అతిథి: శనిగ్రహం ఉపగ్రహం టైటన్ చెప్పండి పిల్లలకి. అక్కడ గాలి ఒత్తిడి మనకంటే ఒకటిన్నర రెట్లు, చలి మైనస్ 179 డిగ్రీలు. కురిసేది మీథేన్ వాన. 2005 జనవరిలో హైగెన్స్ అనే నౌక దిగి ఫొటో తీస్తే గులకరాళ్లు కనిపించాయి, మన ఏటి ఒడ్డున ఉన్నట్టే గుండ్రంగా. కాకపోతే అవి గడ్డకట్టిన నీళ్లు. అంత చలిలో మంచే రాయి. ప్రవాహంలో దొర్లితే ఏదైనా అరిగి గుండ్రబడుతుంది, అది భూమి అయినా టైటన్ అయినా.

శ్రోత: పిల్లలతో చేయించేది ఏమైనా ఉందాండీ?

అతిథి: స్కూలు గ్రౌండులో ఎండిన ఇసుక కుప్ప పోయించండి. మధ్యాహ్నం ఒంటిగంటకి ల్యాబ్ థర్మామీటరు పైన ఒకసారి, నాలుగు వేళ్ల లోతులో ఒకసారి పెట్టి చూడమనండి. తర్వాత కుప్పని కొంచెం వాలుగా సర్ది, ఎండ వైపు, నీడ వైపు మళ్లీ కొలిపించండి. ఇసుక తడిగా ఉంటే మాత్రం లెక్క తప్పుతుంది, రెండ్రోజులు ముందే ఆరబెట్టండి.