థర్మల్ పేస్ట్ కొనే ముందు సైడ్ ప్యానెల్ విప్పండి | ఎంఎక్స్-4 రివ్యూ

హాయ్ అండీ, నమస్తే. ముందు ఇది చూడండి. కెమెరాకి దగ్గరగా పెడతా, ఆగండి... ఆ, కనిపిస్తోందా? ఇది పాత దుప్పటి ముక్క కాదు. సీపీయూ, అంటే ప్రాసెసర్‌ని చల్లబరిచే కూలర్ ఫ్యాన్ విప్పితే కింద అల్యూమినియం రెక్కల మీద పరుచుకుని ఉన్న దుమ్ము. గోరుతో అంచు పట్టుకుని లాగాను, చాప చుట్టినట్టు మొత్తం లేచి వచ్చేసింది.

ఈ పీసీ మా పిన్ని కొడుకుది. ప్రాసెసర్ రైజన్ 5 5600, దాంతో పాటు డబ్బాలో వచ్చిన రెయిత్ స్టెల్త్ కూలర్. నాలుగేళ్లుగా ఒక్కసారి కూడా మూత తియ్యలేదు. "అన్నయ్యా, వాలరెంట్ గేమ్ పెడితే చాలు ఫ్యాన్ పిండిమరలా మోగుతోంది, మంచి థర్మల్ పేస్ట్ ఏదో చెప్పు, ఆర్డర్ పెట్టేస్తా" అన్నాడు. సరే, పేస్ట్ (ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసేది, వేడిని కూలర్‌కి చేరవేస్తుంది) తెప్పించాం: ఆర్కిటిక్ కంపెనీ ఎంఎక్స్-4, నాలుగు గ్రాముల ట్యూబ్. 2010 నుంచి మార్కెట్లో ఉన్న సరుకు, మెటల్ లేదు కాబట్టి కరెంటు పాకదు, పక్కన కాస్త అంటుకున్నా బోర్డు కాలిపోదు. ఈ వీడియో దాని రివ్యూనే. కాకపోతే నేను ఒక పని చేశాను. దుమ్ము దులపడం, పేస్ట్ మార్చడం రెండూ ఒకేసారి చెయ్యకుండా విడివిడిగా చేసి, ప్రతిసారీ టెంపరేచర్ చూశాను. లేకపోతే ఏది ఎంత పని చేసిందో తెలీదు కదా.

ఏసీ లేని గది, గోడ మీద థర్మామీటర్ 33 చూపిస్తోంది. ప్రాసెసర్‌కి పూర్తి పని పెట్టే టెస్టు సైన్‌బెంచ్ ఆర్23 పది నిమిషాలు, పక్కన టెంపరేచర్ చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో. ఏమీ ముట్టుకోకముందు మూడో నిమిషానికే 90 డిగ్రీలు. ఈ ప్రాసెసర్‌కి తయారీ కంపెనీ ఏఎండీ చెప్పిన గరిష్ఠం అదే. అక్కడికి వెళ్తే కాలిపోదు, తనే స్పీడు తగ్గించుకుంటుంది. మనకేమో గేమ్ నత్తినత్తిగా నడుస్తుంది, గ్రాఫిక్స్ కార్డు మార్చాలేమో అనుకుంటాం.

ఇప్పుడు దుమ్ము. బ్లోయర్ తీసుకుని బాల్కనీలోకి వెళ్లండి, ఇంట్లో చేస్తే అమ్మ చేతిలో అయిపోతారు. వైరు పీకేసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి వదలండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. ఫ్యాన్‌ని వేలితో పట్టుకునే గాలి కొట్టండి. వదిలేస్తే గిర్రున తిరిగి బేరింగ్ పాడవుతుంది. కామెంట్లలో ఒకాయన "పంక్చర్ షాపులో గాలి కొట్టించుకొచ్చాను బ్రో" అని పెట్టారు. వద్దండీ బాబూ, ఆ కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు చేరతాయి, గాలితో పాటు అవీ వస్తాయి. పవర్ సప్లై డబ్బా మాత్రం ఎవరూ విప్పొద్దు, బయట జాలీలోంచి ఊదితే చాలు. వైరు పీకినా అందులో కెపాసిటర్లు చార్జ్ పట్టుకుని ఉంటాయి.

మన ఇళ్లలో ఇంకో సంగతి ఉంది. ఈ పీసీ వంటింటి గోడకి ఆనుకుని ఉంటుంది. పోపు జిడ్డు, సాయంత్రం దోమల కాయిల్, పొద్దున అగరుబత్తి. ఇవన్నీ పట్టిన దుమ్ము పొడిగా ఉండదు, బంకలా ఉంటుంది. బ్లోయర్‌కి రాదు. పాత పెయింటు బ్రష్షుతో గీరాల్సిందే.

దుమ్ము పోయాక అదే టెస్టు: 80. పేస్ట్ ట్యూబ్ ఇంకా మూత కూడా తియ్యలేదు, గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు పేస్ట్. ఇక్కడ నా పరువు కాస్త నేనే తీసుకుంటా. మొదటిసారి ఏఎమ్4 (ప్రాసెసర్ కూర్చునే సాకెట్ రకం, ఈ పీసీలో ఉన్నదీ అదే) బోర్డు మీద కూలర్ తీసినప్పుడు, నాలుగు స్క్రూలు విప్పేసి నిటారుగా పైకి లాగాను. కూలర్‌తో పాటు ప్రాసెసర్ కూడా ఊడి వచ్చేసింది! పేస్ట్ ఎండిపోయి జిగురులా పట్టేసింది మరి. ఏఎమ్4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, 1331. అందులో ఒక వరస వంగిపోయింది. పెన్సిల్ లెడ్ పెట్టుకునే మెకానికల్ పెన్సిల్ ఉంటుంది చూడండి, ఖాళీది, దాని ముక్కులో ఒక్కో పిన్ను దూర్చి నిలబెట్టడానికి రాత్రి ఒంటిగంట అయింది. అంచేత మీరు అలా చెయ్యకండి. ముందు పది నిమిషాలు ఏదైనా గేమ్ ఆడండి, పేస్ట్ మెత్తబడుతుంది. పీసీ ఆపేసి, స్క్రూలు ఎదురెదురు మూలలవి కొంచెం కొంచెంగా వదులు చేసి, కూలర్‌ని సీసా మూత తిప్పినట్టు కుడికీ ఎడమకీ ఆడించి అప్పుడు ఎత్తండి. దాని తర్వాత వచ్చిన ఏఎమ్5 సాకెట్ వాళ్లకి ఈ బాధ లేదు, అక్కడ ప్రాసెసర్ మీద బిగింపు ఉంటుంది.

పాత పేస్ట్ తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ఇంట్లో మిగిలిన శానిటైజర్ వాడొచ్చా అంటారు... చాలా వాటిలో గ్లిజరిన్ ఉంటుంది, జిడ్డు మిగులుతుంది, వద్దు. కొత్తది మధ్యలో శనగగింజంత. ఇదిగో, ఇంతే. కూలర్ బిగిస్తే అదే పరుచుకుంటుంది.

మళ్లీ టెస్టు: 76. అంటే దుమ్ముకి పది, పేస్ట్‌కి నాలుగు. పేస్ట్ బాగాలేదని కాదు, చెప్పిన పని చేసింది, పూయడం తేలిక, ట్యూబ్ ఇంకో మూడు నాలుగుసార్లకి వస్తుంది. కానీ దీనికి మూడింతలు పెట్టి కొనే పేస్టులతో ఇలాంటి చిన్న కూలర్ మీద ఒకటో రెండో డిగ్రీలు తప్ప పెద్దగా ఒరిగేదేమీ లేదు. పేస్ట్‌కి బదులు పూసే లిక్విడ్ మెటల్ జోలికైతే అసలు పోకండి. అందులో గ్యాలియం ఉంటుంది, ఈ కూలర్ అడుగు అల్యూమినియం, దాన్ని ఆ గ్యాలియం తినేస్తుంది.

ఇంతలో ఇంకోటి దొరికింది. అగరుబత్తి వెలిగించి క్యాబినెట్ ముందు పెట్టాను. పొగ లోపలికి పోవాలి కదా? చూడండి, మన మొహం మీదకి వస్తోంది! పీసీ అసెంబుల్ చేసిన షాపువాళ్లు ముందు ఫ్యాన్ తిరగేసి బిగించారు. నాలుగేళ్లూ ముందు ఫ్యాన్, వెనక ఫ్యాన్ రెండూ గాలి బయటికే తోస్తున్నాయి. ఫ్యాన్‌కి అడ్డ కమ్మీలు ఉన్న వైపు నుంచి గాలి బయటికి వస్తుంది, అది చూసి తిప్పి బిగించండి, అంతే. తిప్పాక 73.

రామ్ వేగం కూడా చూశాను. స్టిక్కర్ మీద 3200, టాస్క్ మేనేజర్‌లో 2400. బయోస్‌లో (విండోస్ రాకముందు తెరిచే సెట్టింగుల మెనూ) ఎక్స్‌ఎంపీ, అంటే రామ్‌ని స్టిక్కర్ మీది వేగంతో నడిపించే సెట్టింగు, ఆన్ చేశాం, పైసా ఖర్చు లేదు. మీదీ ఒకసారి చూసుకోండి.

మీ పీసీ కొని ఏడాది కూడా కాకపోతే ఈ ట్యూబ్ కొనకండి. మూడేళ్లు దాటి, దుమ్ము దులిపాక కూడా వేడి తగ్గకపోతే కొనండి.

నిన్న పిన్ని ఫోన్ చేసింది. ఫ్యాన్ మోత తగ్గిందట, సంతోషం. కానీ ఇప్పుడు వీడు గేమ్‌లో అరిచే అరుపులన్నీ హాల్లోకి స్పష్టంగా వినిపిస్తున్నాయట. "ఆ ఫ్యాన్ మళ్లీ ఎప్పట్లా పెట్టేయ్ నాన్నా" అంటోంది.