ఒకే గుర్తుకు రెండు గుణకారాలు

అందరికీ నమస్కారం.

ఒక చిన్న లెక్కతో మొదలుపెడతాను. మాత్రిక అంటే అడ్డు, నిలువు వరుసల్లో పేర్చిన సంఖ్యల పట్టిక. బొమ్మను 90 డిగ్రీలు తిప్పే మాత్రిక తీసుకోండి. పై వరుసలో 0, -1. కింది వరుసలో 1, 0. దాన్ని దానితోనే గుణిస్తే 180 డిగ్రీలు తిప్పే మాత్రిక రావాలి: పైన -1, 0, కింద 0, -1. చదువుకునే రోజుల్లో నేను * గుర్తు పెట్టి ఒక ప్రోగ్రామ్‌తో ఇదే పని చేయించాను. పైన 0, 1. కింద 1, 0 వచ్చాయి. బొమ్మ తిరగలేదు, అద్దంలో చూసినట్టు తారుమారైంది. ఆ భాషలో * అంటే ఏ స్థానంలోని సంఖ్యను ఆ స్థానంలోని సంఖ్యతో గుణించడం. ఎర్రర్ ఏమీ రాలేదు కాబట్టి తప్పు ఎక్కడుందో వెతకడానికి రెండు రోజులు పట్టింది. అడ్డు వరుసల సంఖ్య, నిలువు వరుసల సంఖ్య వేరైన మాత్రికలైతే కొలతలు కుదరక అక్కడే ఆగిపోయేది. రెండూ చదరపు మాత్రికలు కావడంతో తప్పు జవాబు కూడా సరైన జవాబులాగే కనిపించింది.

అప్పటి నుంచి మాత్రికల రాత గురించి నాది ఒకటే పట్టుదల. రాయడానికి ఎన్ని అక్షరాలు పట్టాయన్నది తర్వాత. తప్పు రాస్తే అది కంటికి కనబడుతుందా అన్నది ముందు.

మాట్రిక్స్ అనే పేరు 1850లో గణిత శాస్త్రవేత్త సిల్వెస్టర్ పెట్టాడు. 1858లో మరో గణిత శాస్త్రవేత్త కేలీ, ఒక మార్పు మీద ఇంకో మార్పు చేస్తే వచ్చే ఫలితాన్నే మాత్రికల గుణకారంగా తీసుకున్నాడు. కాగితం మీద రెండు అక్షరాలు పక్కపక్కన రాస్తే చాలు, అదే అర్థం. కీబోర్డు మీద గుణకారానికి అలవాటైన గుర్తు * ఒక్కటే, మనకు కావలసిన గుణకారాలేమో రెండు. మాట్‌ల్యాబ్ అనే ప్రోగ్రామింగ్ భాష ఆ గుర్తును మాత్రికలకు ఇచ్చి, స్థానాల వారీ గుణకారానికి ముందు చుక్క చేర్చి .* అంది. ఆర్ భాష దీనికి తలకిందులుగా, మాత్రికలకు %*% పెట్టింది. పైథాన్ భాషలో నమ్‌పై అనే లెక్కల లైబ్రరీ వాడేవాళ్లు చాలా కాలం ఇబ్బంది పడ్డారు. అక్కడ అర్రే అనే రకానికి * అంటే ఒక అర్థం, మాట్రిక్స్ అనే రకానికి ఇంకో అర్థం. ఫంక్షన్‌లోకి ఏ రకం వచ్చిందో తెలియకపోతే ఆ ప్రోగ్రామ్ వరుసను చదివి అర్థం చేసుకోవడం అసాధ్యం. ఒకే గుర్తుకు రెండు అర్థాలు ఉండటం కన్నా, అందంగా లేకపోయినా రెండు గుర్తులు ఉండటమే మేలు.

2014లో పైథాన్‌లో మార్పు కోరుతూ పెప్ 465 అనే ప్రతిపాదన వచ్చింది. మాత్రికల గుణకారానికే ప్రత్యేకంగా @ గుర్తు ఇవ్వాలన్నది. 2015లో పైథాన్ 3.5తో అది అమల్లోకి వచ్చింది. నాకు చాలా నచ్చిన నిర్ణయం. కానీ ఇందులోనూ ఒక సూక్ష్మం ఉంది. ఏ @ బీ @ ఎక్స్ అని రాస్తే లెక్క ఎడమ నుంచి మొదలవుతుంది. ఏ, బీ రెండూ 1000 వరుసల చదరపు మాత్రికలు, ఎక్స్ ఒక నిలువు వరుస అనుకోండి. మామూలు పద్ధతిలో ముందు ఏ, బీలను గుణించడానికే 100 కోట్ల గుణకారాలు. ఏ @ (బీ @ ఎక్స్) అని బ్రాకెట్ పెడితే మొత్తం 20 లక్షలతో అయిపోతుంది. గణితంలో రెండూ ఒకటే, యంత్రానికి కాదు. బ్రాకెట్ లేని రాత ఎంత హాయిగా కనిపించినా, ఎంత పని జరగబోతోందో చెప్పదు.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన గుర్తు మాట్‌ల్యాబ్‌లోని వెనక్కి వాలిన గీత. సమీకరణాల సాధనకు కాగితం మీద ‘ఏ విలోమం ఇంటూ బీ’ అని రాస్తాం. దాన్ని ఉన్నదున్నట్టు ప్రోగ్రామ్‌లోకి ఎక్కిస్తే విలోమ మాత్రిక, అంటే ఏ చేసిన మార్పును వెనక్కి తిప్పే మాత్రిక, మొత్తం కట్టాలి. నేరుగా సాధించడంతో పోలిస్తే పెద్ద మాత్రికలకు దాదాపు మూడు రెట్ల పని, చాలాసార్లు ఖచ్చితత్వమూ తగ్గుతుంది. ఏ \ బీ అంటే ‘ఏ ఇంటూ ఎంత వేస్తే బీ వస్తుంది?’ అని అడగడం. ఎలా సాధించాలో యంత్రమే చూసుకుంటుంది. కర్ణానికి ఒక పక్క అన్నీ సున్నాలే ఉన్న త్రిభుజ మాత్రికైతే ఒక దారి, అడ్డు, నిలువు వరుసల సంఖ్యలు సమానం కాకపోతే కనిష్ఠ వర్గాల దారి, అంటే తేడాల వర్గాల మొత్తం అతి తక్కువయ్యే జవాబు. మాత్రికల గుణకారంలో క్రమం ముఖ్యం కనుక ఎడమ వైపు భాగహారానికి, కుడి వైపు భాగహారానికి వేర్వేరు గుర్తులు ఉండటం కూడా సబబే. సరైన పద్ధతే చిన్న రాత అయితే, జనం తమంతట తామే దాన్ని వాడతారు.

మాత్రికను టైప్ చేసే తీరు గురించి ఒక్క మాట. ఖాళీతో మూలకాలను విడదీయడం చూడ్డానికి బాగుంటుంది. కానీ మాట్‌ల్యాబ్‌లో [5 - 2] అంటే 3, [5 -2] అంటే రెండు సంఖ్యలు. కంటికి ఆనని ఖాళీ మీద అర్థం ఆధారపడకూడదు. నేనైతే కామా తప్పనిసరి చేసేవాణ్ని.

చివరగా వరుసలు బయటికి తీయడం. ఆర్ భాషలో మాత్రిక నుంచి ఒకే అడ్డు వరుస తీస్తే, అది మాత్రిక రూపం పోగొట్టుకుని వట్టి సంఖ్యల వరుసగా మారుతుంది. షరతుకు సరిపోయిన వరుసలు పది ఉన్నంత కాలం ప్రోగ్రామ్ బాగానే నడుస్తుంది. ఒక్కటే మిగిలిన రోజు ఎక్కడో కింద ఆగిపోతుంది. దాన్ని ఆపడానికి డ్రాప్ అనే ఐచ్ఛికాన్ని ఫాల్స్ అని ప్రతిసారీ రాయాలి. నమ్‌పై, జూలియా అనే ఇంకో భాష దీన్ని మెరుగ్గా తేల్చాయి: ఒక సంఖ్య ఇచ్చి అడిగితే రూపం తగ్గుతుంది, ‘ఇక్కడి నుంచి ఇక్కడి దాకా’ అని అడిగితే, అందులో ఒకే వరుస ఉన్నా, మాత్రిక మాత్రికగానే ఉంటుంది. రాసినవాళ్లకు ఏం కావాలో ఆ ప్రోగ్రామ్ వరుస చదివితేనే తెలిసిపోతుంది.