తక్‌పట్టీ చదువుకుంటూ ఎనుమాముల దాకా

నమస్తే. ముందు ఈ చీటీ చూడండి. కెమెరాకు దగ్గరగా పెడుతున్నా, కనిపిస్తుందా? అంచులు చినిగిపోయాయి, మడతల దగ్గర సిరా చెరిగిపోయింది. దీన్ని తక్‌పట్టీ అంటారు. మార్కెట్‌లో సరుకు అమ్మిన రైతుకు అడ్తిదారు రాసిచ్చే లెక్క. మా బాపు ఇలాంటివి ఒక రేకు డబ్బాలో దాచిపెట్టేవాడు. పైన పట్టా పాసు పుస్తకం, దాని కింద కరెంటు బిల్లులు, అట్టడుగున ఇవి.

ఇది పత్తిది. పైన ఎన్ని బస్తాలు, ఎంత తూకం, ఏం ధర అని ఉంది. కింద కోతలు: హమాలీ, చాట, దడ్వాయి, అడ్తి. బస్తా దించినవాళ్లకు, కింద పడ్డది ఊడ్చి ఎత్తిన ఆడవాళ్లకు, తూకం వేసినాయనకు, మధ్యలో నిలబడి అమ్మిపెట్టినాయనకు. ఇన్ని చేతులు దాటాక మిగిలిందే మన పైసలు. ఈ రోజు వీడియో వరంగల్‌లోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ గురించి. నేను మాత్రం ఈ చీటీ పట్టుకునే చెప్తా. ఎందుకంటే ఓరుగల్లు వ్యాపారం కథ మొదలయ్యేది కూడా దాదాపు ఇలాంటి చీటీతోనే. కాకపోతే అది రాతి మీద ఉంది.

ఖాన్ సాహెబ్ తోట శాసనం అని ఒకటుంది, కాకతీయుల కాలం నాటిది. రాజు గొప్పలు, యుద్ధాలు వెతికితే నిరాశపడతారు. ఓరుగల్లు అంగడికి ఏ సరుకు వస్తుంది, దేని మీద ఎంత కట్టాలి, ఇదీ దాని గొడవ. ధాన్యం, నువ్వులు, ఉప్పు, అల్లం, మిరియాలు, అట్లా పోతుంది జాబితా. చదువుతుంటే నాకు మన యార్డు గేటు దగ్గర కూర్చున్న గుమాస్తా గుర్తొచ్చాడు. ఒక్క సరుకు మాత్రం అందులో ఎంత వెతికినా దొరకదు. మిరపకాయ. అది అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వాళ్ల ఓడల్లో మన దేశానికి వచ్చింది, అప్పటికి కాకతీయులు పోయి దాదాపు రెండు వందల ఏళ్లు. రుద్రమదేవి కారం తినాలంటే మిరియాలే దిక్కు. ఈ రోజు మిర్చి లేకుండా వరంగల్ మార్కెట్‌ను ఊహించగలమా?

ఆ కాలంలో అంగడి ఇంత పెరగడానికి కారణం ఓరుగల్లులో కంటే సముద్రం ఒడ్డున ఎక్కువ కనిపిస్తుంది. మోటుపల్లి రేవులో కాకతీయ రాజు గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయ శాసనం. అంతకుముందు తుఫానుకు ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే అందులో సరుకంతా స్థానిక పాలకులదే. వ్యాపారి ప్రాణాలతో బయటపడ్డా చేతిలో చిల్లిగవ్వ ఉండదు. గణపతిదేవుడు ఆ పద్ధతి ఆపాడు. మీ సరుకు మీదే, మాకు సుంకం కట్టండి చాలు, అదీ ముప్పై వంతుల్లో ఒక వంతు అన్నాడు. కొన్నేళ్ల తర్వాత ఈ తీరానికి వచ్చిన మార్కోపోలో ఇక్కడి సన్నని బట్టను సాలెగూడుతో పోల్చాడు. కోటలు కట్టిన రాజులు చాలామందే ఉన్నారు. నన్నడిగితే గణపతిదేవుడి పనుల్లో ఈ శాసనం ఏడు కోటల పెట్టు. సరుకు తెచ్చినవాడికి భయం లేకపోతే సరుకు దానంతటదే వస్తుంది.

1323లో కోట పడింది, ఊరికి సుల్తాన్‌పూర్ అని పేరు కూడా మార్చారు. ఆ తర్వాత కొన్ని శతాబ్దాలు గబగబా దాటేద్దాం. నేత మాత్రం బతికింది. వరంగల్ తివాచీలు 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శన దాకా పోయాయి. కొత్తవాడ మగ్గాల మీద నేసే మన దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

మళ్లీ ఊపు వచ్చింది రైలుతో. 1880ల చివర్లో సికింద్రాబాద్ నుంచి వరంగల్ మీదుగా బెజవాడ దాకా పట్టాలు పడ్డాయి. తర్వాత కాజీపేట నుంచి బల్లార్షా వైపు లైను. అటు ఢిల్లీ, ఇటు మద్రాసు, మధ్యలో మనం. 1934లో అజాంజాహీ మిల్లు వచ్చింది, నిజాం కొడుకు ఆజం జా పేరు మీద. చుట్టుపక్కల పత్తి, మిల్లు సైరను, షిఫ్టు దిగి సైకిళ్ల మీద పోయే జనం. ఆ సైరను విని గడియారం సరిచేసుకున్న ముసలోళ్లు ఇప్పటికీ ఉన్నారు. మిల్లు మూతపడింది. దాని గురించి ఇంకో వీడియో చేయాలి, ఇందులో ఇరికిస్తే అన్యాయం.

ధాన్యం, పత్తి అమ్మకం మొదట్లో లక్ష్మీపురం గంజ్‌లో ఉండేది. 1930లోనే నిజాం ప్రభుత్వం వ్యవసాయ మార్కెట్ల చట్టం తెచ్చింది. తూకం వేసేవాడికి లైసెన్సు ఉండాలి, అమ్మకం నలుగురి ముందు జరగాలి, ఇదీ దాని ఉద్దేశం. ఊరు పెరిగి గంజ్ ఇరుకైంది. బండ్లు రోడ్ల మీదే ఆగిపోయేవి. అప్పుడు ఊరి బయట ఎనుమాములలో వంద ఎకరాలకు పైగా జాగాలో యార్డు కట్టారు. ఆసియాలోనే రెండో పెద్ద మార్కెట్ అని మనవాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. దేన్ని బట్టి రెండో స్థానం, జాగా బట్టా, బస్తాల బట్టా అని అడిగితే మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పరు. పోనీయండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో తెల్లారి మిర్చి యార్డు గేటు దగ్గర ఒక్కసారి నిలబడితే ఆ లెక్కతో పని ఉండదు. యార్డు అంతా ఎరుపు. మనిషికో తుమ్ము.

ఇక్కడి ధర ఎట్లా తేలుతుందో చెప్తా, బయటివాళ్లకు చాలామందికి తెలియదు. పొద్దున్నే ఖరీదుదార్లు, అధికారులు జెండాతో మంచి సరుకు ఉన్న రాశి దగ్గరికి వస్తారు. అక్కడ పాట మొదలవుతుంది. ఎక్కువ పాడిన ధరే ఆ రోజు జెండా పాట. టీవీలో, వాట్సాప్‌లో తిరిగేది అదే. కానీ ఆ ధర వచ్చేది ఆ రాశికి, మహా అయితే ఇంకో నాలుగు రాశులకు. మిగతావాళ్లకు తేమ అంటారు, తాలు అంటారు, రంగు తగ్గింది అంటారు. ఊళ్లో ఉన్నవాళ్లేమో ఫోన్ చేసి, జెండా పాట అంత పోయిందట, నీకెంత పడింది అని అడుగుతారు. అప్పుడు చెప్పుకోవడానికి నామోషీ.

2016లో ఈ-నామ్, అంటే ఆన్‌లైన్ వేలం, మొదలైంది. లాట్ నంబరు, కంప్యూటర్‌లో బిడ్డు, దూరంగా ఉన్న వ్యాపారి కూడా పాడుకోవచ్చు. మంచిదే. కానీ బస్తాలో చెయ్యి పెట్టి చూడకుండా గుంటూరులో కూర్చున్నవాడు వరంగల్ మిర్చికి ధర వేస్తాడా? సరుకును పరీక్షించి నాణ్యత రాసిచ్చే ఏర్పాటు గట్టిగా ఉంటేనే ఆ కంప్యూటర్‌కు విలువ.

చపాటా మిర్చి సంగతి చెప్పకపోతే కామెంట్లలో తిడతారు. టమాట మిర్చి అని కూడా అంటాం. లావుగా, ఎర్రగా ఉంటుంది, కారం తక్కువ, రంగు ఎక్కువ. పచ్చళ్లకు, రంగు తీయడానికి దీనికే గిరాకీ. 2022లో ఎనుమాములలో దేశీ రకం మిర్చి క్వింటాలు 50 వేల రూపాయలు దాటింది. 2025లో వరంగల్ చపాటాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ 50 వేలు చూసి మరుసటి ఏడు ఎంతమంది మిర్చి వేశారో, తామర పురుగు ఎంతమందిని ముంచిందో ఊళ్లలో తిరిగితే తెలుస్తుంది.

మళ్లీ చీటీ దగ్గరికి వద్దాం. నేను ఏడో తరగతిలో ఉండగా బాపుతో ట్రాక్టర్ మీద, పత్తి బస్తాల పైన పడుకుని వచ్చా. రాత్రంతా యార్డులో చలి. పొద్దున ఒకాయన బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, తేమ ఉంది అన్నాడు, ధర తగ్గింది. పక్క దుకాణానికి పోదాం బాపూ అన్నా. ఆయన మాట్లాడలేదు. విత్తనాలకు, మందులకు జూన్‌లో ఆ అడ్తి దగ్గరే అప్పు తీసుకున్నాడని నాకప్పుడు తెలియదు. అప్పు ఇచ్చినవాడి దగ్గరే అమ్మాలి, వాడు చెప్పిందే ధర. 1997-98లో లద్దె పురుగు వచ్చి పంట పోయినప్పుడు ఈ జిల్లాలో అంతమంది పత్తి రైతులు ప్రాణాలు తీసుకోవడానికి ఉన్న కారణాల్లో ఈ అప్పు ముడి ఒకటి. పైన వేలం, కంప్యూటర్, జెండా ఎన్ని పెట్టినా ఈ ముడి కిందే ఉంటుంది. మోటుపల్లి వ్యాపారికి దొరికిన ఆ అభయం మా బాపుకు దొరకలేదు.

చీటీలో చివరి వరస చూడండి. పాత బాకీ అని రాసి ఉంది, దాని పక్కన అంకె. దాని కింద, బాపు చేతికి ఇచ్చిన మొత్తం. పై అంకె కంటే చిన్నది. అదే రోజు వచ్చేటప్పుడు వరంగల్ చౌరస్తాలో నాకు చెప్పులు కొనిచ్చాడు.