సీసా మీద రూపాయి

శ్రోతలకు నమస్కారం.

చిన్నప్పుడు చిత్తూరులో మా వీధి చివర ఒక అంగడి ఉండేది. ఇంటికి చుట్టాలొస్తే కూల్‌డ్రింకులు తెమ్మని అమ్మ నన్ను పంపేది. అంగడాయన గాజు సీసాలిచ్చి ఒక్కోదానికి రూపాయి అదనంగా పట్టుకునేవాడు. ఖాళీ సీసా ఇస్తే రూపాయి వాపసు. చుట్టాలు ఎప్పుడు తాగి కింద పెడతారా అని నేనూ మా తమ్ముడూ వాళ్ల చుట్టూనే తిరిగేవాళ్లం. ఆ రూపాయి మాది మరి! మా వీధి కాలువలో కూల్‌డ్రింకు సీసా పడి ఉండగా నేను చూసిందే లేదు.

ఆ అంగడాయన చేసిన పనినే చట్టంగా రాసుకున్న చోటొకటి ఉంది. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం. 1971లో తెచ్చారు ఆ చట్టాన్ని. బీరు గానీ సోడా గానీ కొంటే సీసాకు 5 సెంట్లు డిపాజిట్. ఖాళీది ఇస్తే ఆ డబ్బు మళ్లీ చేతికొస్తుంది. బాగానే నడిచింది. అప్పట్లో నీళ్లు సీసాల్లో కొనుక్కునే అలవాటు ఎక్కడిది? అందుకే చట్టంలో వాటి ఊసు లేదు. 2009లో నీళ్ల బాటిళ్లనూ చేర్చారు. కానీ ఆ 5 సెంట్లు? చుట్టూ అన్నిటి ధరలూ పెరిగాయి, అవి మాత్రం 5 సెంట్లుగానే ఉండిపోయాయి. నలభై ఏళ్ల తర్వాత 5 సెంట్ల కోసం ఎవరు వంగి సీసా తీస్తారు? 2015 నాటికి నూటికి 64 మాత్రమే వెనక్కి వస్తున్నాయి.

నాకు బాగా నచ్చింది ఇప్పుడు చెప్పబోయేదే. 2011లోనే వాళ్లు చట్టంలో ఒక మాట రాసిపెట్టుకున్నారు. వాపసు వరసగా రెండేళ్లు నూటికి 80 కంటే తగ్గితే డిపాజిట్ దానంతటదే 10 సెంట్లు కావాలని. మళ్లీ ఎవరినీ బతిమాలక్కర్లేదు. 2017 ఏప్రిల్ 1న 10 సెంట్లయింది. ఆ మరుసటి ఏడాదికే వాపసు 80 శాతం దాటింది. పడిపోతే ఎలా లేవాలో ముందే రాసుకోవడం ఎంత మంచి ఆలోచన!

మన పక్కనే తమిళనాట, నీలగిరి జిల్లాలో, 2022 నుంచి మద్యం సీసాకు 10 రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీది ఇస్తే తిరిగిస్తున్నారు. మన తిరుమల కొండ మీద ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు ఆపి గాజు సీసాలు పెట్టారు. వాటికీ డిపాజిట్ ఉంది. అది చూసి నా మనసు నిండింది.

కానీ మొన్న అమ్మతో కొండకు వెళ్లినప్పుడు సీసా ఒక అంగట్లో కొన్నాం. బస్సెక్కే చోట ఇంకో అంగట్లో ఇస్తే, "కొన్నచోటే ఇయ్యండమ్మా" అన్నారు. బస్సు కదలబోతోంది. సీసా ఇంటికొచ్చేసింది. డిపాజిట్ ఎంత పెట్టామన్నదే కాదు, ఎక్కడ తిరిగిస్తారన్నదీ అంతే ముఖ్యం. ఏ అంగడైనా తీసుకోవాలి. కిందికి దిగే బస్సుల దగ్గర ఒక కౌంటర్ ఉండాలి.

కొండ దిగితే తిరుపతి బస్టాండులో, రైల్వే స్టేషన్‌లో అన్నీ ప్లాస్టిక్ బాటిళ్లే. వాటి మీద రూపాయి కూడా డిపాజిట్ లేదు. దానికీ నియమం రావాలని నా కోరిక. వచ్చిన రోజున డిపాజిట్ ఎప్పుడు పెరగాలో కూడా అందులోనే రాసిపెట్టమని అడుగుదాం.

కొండ నుంచి వచ్చిన ఆ సీసాలో ఇప్పుడు అమ్మ నువ్వుల నూనె పోసి పెట్టింది.