ఇల్లు సొంతం, నేల మాత్రం అద్దెది

నమస్కారం. సియాటిల్ చుట్టుపక్కల, బెల్‌వ్యూలోనో రెడ్‌మండ్‌లోనో మీ వాళ్లెవరైనా ఉంటే లీజు రెన్యూవల్ టెన్షన్ గురించి వినే ఉంటారు. ఏడాది తిరిగేసరికి ఓ ఉత్తరం వస్తుంది, అందులో కొత్త అద్దె ఉంటుంది, పిల్లల బడి మధ్యలో మూటాముల్లె సర్దుకోలేక చాలామంది అడిగినంతా కట్టేస్తారు.

ఇన్నాళ్లూ వాషింగ్టన్ రాష్ట్రంలో ఈ పెంపుకు పరిమితే లేదు. నగరాలు తమంతట తాము అద్దెలను అదుపు చేద్దామన్నా 1981 నుంచి రాష్ట్ర చట్టమే ఒప్పుకోదు. 2025 మే 7న గవర్నర్ బాబ్ ఫెర్గూసన్ కొత్త చట్టం మీద పెట్టిన సంతకంతో, పెంపుకు పరిమితే లేని పరిస్థితి మారింది. ఇప్పుడు ఏడాదిలో పెంచగలిగేది 7 శాతానికి ధరల పెరుగుదల కలిపితే ఎంతో అంత, అదీ 10 శాతం దాటకూడదు. 2026కి ఆ లెక్క 9.683 శాతం. అంటే నెలకు 2600 డాలర్లు కట్టేవాళ్లకు పెంపు 252 డాలర్ల లోపే ఉండాలి. ఇంట్లో దిగిన మొదటి 12 నెలలూ అసలు పెంచకూడదు.

నన్ను ఎక్కువగా కదిలించేది మాత్రం మొబైల్ హోమ్‌ల సంగతి. పేరుకే అది కదిలే ఇల్లు. ఒకసారి దించి, కింద దిమ్మెలు పెట్టి, నీళ్లూ కరెంటూ కలిపి, ముందు చెక్కమెట్లు కట్టుకున్నాక దాన్ని లేపి ఇంకోచోటికి తీసుకెళ్లాలంటే వేల డాలర్లు కావాలి, పాతబడినవైతే కదిపితే నిలవవు కూడా. ఇల్లు అందులో ఉండేవాళ్లదే, కింద ఉన్న స్థలం మాత్రం ఇలాంటి ఇళ్లు నిలిపే పార్కు యజమానిది, దానికి నెలనెలా అద్దె. రిటైరై పెన్షన్ మీద బతికే పెద్దవాళ్లు వీళ్లలో చాలామంది. స్థలం అద్దె ఒక్కసారిగా పెరిగితే అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాడు కనీసం ఖాళీ చేసి వెళ్లగలడు, వీళ్లు సొంత ఇంటిని అక్కడే వదిలేసి పోవాలా? అందుకే వీళ్లకు పరిమితి 5 శాతమే పెట్టారు. అపార్ట్‌మెంట్ల పరిమితికి 15 ఏళ్ల గడువుంది, దీనికి గడువు లేదు. చాలా మంచి పని చేశారు.

ఒక్క విషయం మాత్రం మన వాళ్లు చూసుకోవాలి. కట్టి 12 ఏళ్లు దాటని భవనాలకు ఈ పరిమితి వర్తించదు, మనవాళ్లలో కొత్త అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు తక్కువేం కాదు. అయితే మినహాయింపు ఉందని నోటి మాటగా చెబితే చాలదు, దానికి ఆధారాలు నోటీసులోనే చూపించాలి. ఆ నోటీసు కూడా 90 రోజుల ముందు రావాలి, ఇంతకుముందు 60 రోజులే. పరిమితి దాటి పెంచారని కోర్టులో తేలితే, అదనంగా తీసుకున్నది తిరిగి రావడమే కాక మూడు నెలల అద్దె దాకా పరిహారం, లాయరు ఫీజూ రాబట్టుకోవచ్చు. కాబట్టి ఈసారి ఆ ఉత్తరం వస్తే సంతకం పెట్టేముందు తేదీ చూడండి, శాతం లెక్కగట్టండి, భవనం ఎప్పుడు కట్టారో అడగండి.