చిల్లులున్న బూటే నయం: వానలో సైకిల్ యాత్రకు కాళ్ళకు ఏం తొడుక్కోవాలి

తమ్ముడు: నమస్కారం. ఈ రోజు బల్ల మీద మైకులతో పాటు రెండు జతల బూట్లు కూడా ఉన్నాయి. ఒక జత నాది, పెట్టెలోంచి ఇప్పుడే తీశాను. రెండోది అక్కది. దాని రంగేమిటో చెప్పడం కష్టం.

అక్క: కొన్నప్పుడు బూడిద రంగు. తరవాత ఏ దారిలో తొక్కితే ఆ రంగు.

తమ్ముడు: వచ్చే నెలలో పన్నెండు రోజుల సైకిల్ యాత్రకు బయలుదేరుతున్నాను. దారి పొడుగునా వానలే ఉంటాయని తెలుసు. అందుకే నెల రోజులు ఆలోచించి, చీలమండ దాకా వచ్చే వాటర్‌ప్రూఫ్ బూట్లు కొన్నాను. చుక్క నీరు కూడా లోపలికి పోదట. అక్కకు చూపించి మెప్పు పొందుదామని... అక్కా, ఏం చేస్తున్నావు?

అక్క: నీ బూటులో గ్లాసుడు నీళ్ళు పోస్తున్నాను.

తమ్ముడు: అయ్యో! సరిపోకపోతే తిరిగి ఇచ్చేద్దామనుకున్నానే!

అక్క: ఇక నీదే. ఇప్పుడు నా బూటులోనూ అంతే పోస్తాను. కింద పళ్ళెం పెట్టు.

(నీళ్ళు కారుతున్న చప్పుడు)

తమ్ముడు: పక్కనున్న వలబట్టలోంచి కారుతున్నాయి, అడుగున ఏవో చిల్లుల్లోంచీ కారుతున్నాయి. పది లెక్కపెట్టేలోపు చాలావరకు పోయాయి.

అక్క: నీదాంట్లో?

తమ్ముడు: చెంబులో పోసినట్టు అలాగే ఉన్నాయి.

అక్క: అలాగే ఉంచు, కార్యక్రమం చివర్లో చూద్దాం. లోపలికి నీళ్ళు రానివ్వని బూటు, వచ్చిన నీళ్ళను బయటికీ పోనివ్వదు. కొనేటప్పుడు మొదటి సగమే మనకు వినిపిస్తుంది.

తమ్ముడు: లోపలికి వస్తే కదా ఆ బాధ! నువ్వు గ్లాసుతో పోశావు. వాన అలా పోయదు.

అక్క: పోస్తుంది. బూటుకున్న అన్నిటికంటే పెద్ద చిల్లి ఏది? నువ్వు కాలు పెట్టేది. మోకాలి మీద పడిన వాన పిక్క వెంట జారుతుంది. సాక్సు అంచు బూటు పైకి కనిపిస్తోందనుకో, దీపంలో వత్తి నూనె పీల్చినట్టు ఆ నీళ్ళను పీల్చి పాదం దాకా తీసుకుపోతుంది. బూటులో దిగినదేదీ ఎక్కడికీ పోదు. గంటన్నరకు ప్రతి తొక్కుకూ లోపల పచక్ పచక్‌మంటుంది.

తమ్ముడు: వాన ప్యాంటు వేసుకుంటే?

అక్క: వేసుకో. దాని అంచు బూటు బయట ఉండాలి, ఎప్పుడూ లోపలికి దోపకూడదు. పెంకుటింటి కప్పు చూశావుగా, పై పెంకు నీళ్ళు కింది పెంకు మీద పడేలా పేరుస్తారు. అదే లెక్క. ప్యాంటు అంచు షూ కవరు మీదికి, షూ కవరు బూటు మీదికి. అయినా నిమిషానికి 75 సార్లు పెడల్ తిరుగుతుందనుకుంటే ఆరు గంటల్లో 27,000 సార్లు నీ మోకాలు లేచి దిగుతుంది. లేచిన ప్రతిసారీ అంచు పైకి జరుగుతుంది. అంతసేపు ఏ అంచూ నిలవదు.

తమ్ముడు: పోనీ, వీటిలో గోర్‌టెక్స్ పొర ఉంది. చెమటను బయటికి పంపుతుందట.

అక్క: పంపుతుంది, కాదనను. ఆ పొర కథ నాకు ఇష్టం కూడా. 1969లో బాబ్ గోర్ అనే ఆయన టెఫ్లాన్ జాతి పదార్థాన్ని మెల్లగా సాగదీసి సాగదీసి విసిగి, ఒక్కసారిగా గుంజాడు. తెగిపోవాల్సింది అమాంతం సాగి, కంటికి కనిపించని రంధ్రాల పొరగా మారింది. నీటి బొట్టు దూరలేనంత చిన్నవి, ఆవిరి దూరిపోయేంత పెద్దవి ఆ రంధ్రాలు. కానీ ఆవిరి తనంతట తాను బయటికి నడవదు. లోపల తేమ ఎక్కువ, బయట తక్కువ ఉంటేనే కదులుతుంది. రోజంతా వాన పడి, బూటు పైబట్ట నీళ్ళతో బరువెక్కిపోయాక బయట తక్కువేముంది? అప్పుడు వాన రాకపోయినా నీ చెమటలోనే నీ పాదం నానుతుంది.

తమ్ముడు: అయితే పాదం పొడిగా ఉండే మార్గమే లేదంటావు.

అక్క: గంట ప్రయాణమైతే ఉంది. రోజూ ఆఫీసుకు వెళ్ళేవాళ్ళకు నీ బూట్లు బంగారం. పన్నెండు రోజులు తొక్కేవాడు మాత్రం తడుస్తానని ఒప్పుకునే బయలుదేరాలి. తడిసినా వెచ్చగా ఉంటానా, వాన ఆగాక ఎంతసేపట్లో ఆరతాను అన్నవే నేను చూసేవి.

తమ్ముడు: నిండా మునిగినవాడికి చలేమిటి అన్నారుగా పెద్దలు.

అక్క: ఆ పెద్దలు సైకిల్ తొక్కి ఉండరు! ఒకే చలిలో అయినా గాలి కంటే నీరు ఒంటి వేడిని సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. నడిచేవాడి పాదం అడుగడుగుకూ వంగుతుంది, రక్తం ఆడుతుంది. సైకిల్ మీద పాదం పలకలా ఉంటుంది, వేళ్ళు కదలవు, పైగా ఎదురుగాలికి ముందు నిలబడేవి అవే. ఒక యాత్రలో ఏడెనిమిది డిగ్రీల చలిలో పలచటి వల బూట్లతో నాలుగు గంటలు తొక్కాను. దిగి నిలబడితే నేల మెత్తగా, దూదిలా తగిలింది. నేల గట్టిగానే ఉంది, నా అరికాళ్ళకే స్పర్శ లేదు. బూటు విప్పితే వేళ్ళు మైనపు ముద్దల్లా తెల్లగా ఉన్నాయి. బొటనవేలు గిల్లితే పక్కవాళ్ళ వేలు గిల్లినట్టుంది.

తమ్ముడు: అది ప్రమాదమేనా, ఊరికే అసౌకర్యమా?

అక్క: కొనసాగితే ప్రమాదమే. మొదటి ప్రపంచ యుద్ధంలో నీళ్ళు నిండిన కందకాల్లో నిలబడిన సైనికులకు వచ్చిన జబ్బుకు ట్రెంచ్ ఫుట్ అని పేరు. దానికి గడ్డకట్టే చలి అక్కర్లేదు. పాదం రోజుల తరబడి తడిలోనే ఉంటే 15 డిగ్రీల దగ్గర కూడా రావచ్చు. మొదట తిమ్మిరి, చర్మం పాలిపోవడం, తరవాత వాపు, నొప్పి. అందుకే నాకొక మొండి నియమం ఉంది. ఒక జత ఉన్ని సాక్సులు నీళ్ళు చొరని సంచిలో వేరుగా ఉంటాయి, గుడారంలో పడుకునేటప్పుడే వాటిని తొడుగుతాను. పొద్దున్న బయట వాన పడుతుంటే ఆ వెచ్చటి సాక్సులు విప్పి, నిన్నటి చల్లటి తడి సాక్సులు మళ్ళీ తొడుక్కోవాలి. యాత్ర మొత్తంలో ఏడుపొచ్చే క్షణం అదే. అయినా తొడుక్కోవాలి. రాత్రి ఆ కాస్త పొడి దొరకకపోతే చర్మం కోలుకోదు.

తమ్ముడు: తడి సాక్సులే మళ్ళీనా!

అక్క: ఐదు నిమిషాల్లో ఒంటి వేడికి సర్దుకుంటాయి, ఉన్నివైతే. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకున్నా ఒంటికి తడి అంతగా తెలియనివ్వదు, తడిసినా పూర్తిగా అణిగిపోదు. నూలు సాక్సు అలా కాదు. తడవగానే చతికిలబడి, చర్మానికి అంటుకుని ఒరుస్తుంది. సాయంత్రానికి బొబ్బలు. నానిన చర్మం తొందరగా చిట్లుతుంది కాబట్టి పొద్దున్నే మడమకూ వేళ్ళ సందుల్లోనూ కాస్త వాసెలిన్ రాసుకుంటాను.

తమ్ముడు: సరే, నాకు బూటు చెప్పు. ఏం కొనాలి?

అక్క: ముందు మడ్‌ఫ్లాప్ కొను.

తమ్ముడు: బూటు అడిగితే మడ్‌గార్డుకు వేలాడే ముక్క కొనమంటావేమిటి!

అక్క: నీ పాదాలను తడిపేది ఆకాశం కంటే నీ ముందు చక్రమే ఎక్కువ. వానలో ఒకసారి తొక్కుతూ కిందికి చూడు. రోడ్డు మీది నీళ్ళను చక్రం తీసుకుని నేరుగా నీ బూట్ల ముక్కు మీదికి కొడుతుంటుంది. వాన ఆగిపోయి గంటైనా, రోడ్డు తడిగా ఉన్నంతసేపూ అది ఆగదు. అదీ శుభ్రమైన నీరు కాదు, ఇసుకా మట్టీ కలిసినది. ముందు మడ్‌గార్డు చాలావాటికి పొట్టిగా ఉంటుంది. నేను పాత రబ్బరు పట్టాలోంచి అరచేయంత ముక్క కోసి, కాల్చిన మేకుతో రెండు బెజ్జాలు పెట్టి, మడ్‌గార్డు కొసకు బోల్టులతో బిగించాను. నేలకు నాలుగు వేళ్ళ ఎత్తులో వేలాడుతుంది. చూడ్డానికి వికారంగానే ఉంటుంది. కానీ అంతకుముందు అరగంటలో తడిసే బూట్లు మామూలు జల్లులో మధ్యాహ్నం దాకా ఆగాయి.

తమ్ముడు: రాసుకున్నాను. ఇప్పుడైనా బూటు చెబుతావా?

అక్క: చలిని బట్టి చెబుతాను. పదిహేను డిగ్రీలు దాటిన వానైతే నా ఓటు శాండల్స్‌కే. కాలివేళ్ళ ముందు కప్పు ఉన్నవి, అడుగు గట్టిగా ఉన్నవి. తడుస్తాయి, పది నిమిషాల ఎండ పడితే ఆరతాయి. సాయంత్రం కొంచెం చల్లబడితే లోపల ఉన్ని సాక్సులు. నవ్వేవాళ్ళు నవ్వనీ.

తమ్ముడు: అంతకంటే చలైతే?

అక్క: అప్పుడు నా బూడిద రంగు బూటు లాంటిది, పైన నియోప్రీన్ అనే నురగ రబ్బరుతో చేసిన షూ కవరు. నియోప్రీన్ కూడా నీళ్ళను పూర్తిగా ఆపదు. లోపలికి చేరిన కాసిని నీళ్ళను పట్టి ఉంచి, ఒంటి వేడితో వెచ్చబడనిస్తుంది. నీళ్ళలో ఈదేవాళ్ళ సూటు పని చేసేదీ అలాగే. అయితే నడకకు దాని అడుగు ఊరికే చిరిగిపోతుంది. ఎత్తు మీద సైకిల్ తోసుకుంటూ వెళ్ళేవాడు ఏడాదికొక జత కొనాలి. అత్యవసరానికి సాక్సు మీద ప్లాస్టిక్ సంచి వేసుకుని బూటు తొడుక్కోవడమూ ఉంది. లోపల చెమట పడుతుంది కానీ గాలి తగలదు. చలి గడ్డకట్టే దాకా దిగితే మాత్రం నీ బూట్లే గెలుస్తాయి. అక్కడ పడేది చాలావరకు మంచు, పిక్క వెంట జారదు.

తమ్ముడు: హమ్మయ్య, ఒక్క చోటైనా గెలిచాయి. నీ బూటు అడుగున ఆ చిల్లులేమిటి?

అక్క: క్లీట్ బిగించే గాళ్ళు. పెడల్‌కు బూటు తగులుకునే లోహపు ముక్కే క్లీట్. సైకిల్ భాగాలు చేసే షిమానో కంపెనీ 1990లో తెచ్చిన ఎస్‌పీడీ రకంలో అది చిన్నది, రెండు బోల్టులతో బూటు అడుగు లోపలికి అమరుతుంది, కాబట్టి మామూలుగా నడవగలం. పందేలవాళ్ళు వాడే పెద్ద ప్లాస్టిక్ క్లీట్ యాత్రకు పనికిరాదు. బురదలో నాలుగడుగులు వేస్తే మట్టి దట్టించుకుని పెడల్‌కు పట్టదు. ఎస్‌పీడీతో ఉన్న చిక్కు, ఆ గాళ్ళ గుండా నీళ్ళు వస్తాయి, లోహం గుండా చలీ ఎక్కుతుంది. చలి రోజుల్లో లోపలి అట్ట ఎత్తి అక్కడ టేపు అతికిస్తాను. వేడి రోజుల్లో తీసేస్తాను, నీళ్ళు పోవడానికి దారి కావాలి. బోల్టులకు గ్రీజు రాయడం మరిచిపోకు, తుప్పు పడితే ఊడిరావు.

తమ్ముడు: నాకు క్లీట్లంటే భయం. మామూలు పెడల్ వాడతాను.

అక్క: వాడు, తప్పేమీ లేదు. పెడల్ మీద చిన్న మేకుల్లాంటి పిన్నులు ఉండాలి, లేకపోతే తడి బూటు జారి పెడల్ వెనక్కి తిరిగి మోకాటి కిందిఎముకకు తగులుతుంది. నా కాలి మీద మచ్చ చూశావుగా. బూటు అడుగు లోతైన గాళ్ళతో ఉండక్కర్లేదు, చదునుగా, మెత్తటి రబ్బరుతో ఉంటే పిన్నులు బాగా పట్టుకుంటాయి. కానీ మొత్తం బూటు మెత్తగా ఉండకూడదు. రెండు చేతులతో పట్టుకుని మడిచి చూడు, ముక్కూ మడమా కలిసిపోతే వద్దు. మధ్యాహ్నానికి పెడల్ ఆకారం అరికాలికి అచ్చుపడి తిమ్మిరెక్కుతుంది.

తమ్ముడు: సైజు?

అక్క: సాయంత్రం, పాదాలు ఉబ్బాక, మందపాటి సాక్సులతో వేసి చూడు. లోపల వేళ్ళు ఆడాలి. బిగుతు బూటులో ఎన్ని సాక్సులు వేసినా చలే, రక్తం ఆడాలిగా. లేసులున్న బూటైతే కొసలు లోపలికి దోపుకో, గొలుసులో పడితే పరువు పోతుంది.

తమ్ముడు: అక్కా, నా బూటులో నీళ్ళు ఇంకా అలాగే ఉన్నాయి. వీటిని ఎలా ఆరబెట్టాలి? పొయ్యి దగ్గర పెట్టనా?

అక్క: అస్సలు వద్దు. జిగురు కరిగి అడుగు ఊడుతుంది. వంపేసి, లోపలి అట్ట బయటికి తీసి, పాత వార్తాపత్రికలు ఉండలు చుట్టి ముక్కు దాకా కుక్కు. గంటకోసారి మార్చు.

తమ్ముడు: ఎన్నిసార్లు మార్చాలి?

అక్క: నా బూటుకైతే రెండుసార్లు చాలు. నీదానికి ఇంట్లో ఉన్న పత్రికలన్నీ తెచ్చుకో.