తెరకు ఇవతలి వైపు

సభాధ్యక్షులకు, పరిషత్తు నిర్వాహకులకు, మేకప్ వేసుకుని ఈ ప్రసంగం ఎప్పుడు ముగుస్తుందా అని తెర వెనుక ఎదురుచూస్తున్న నటీనటులకు నమస్కారం.

నేను నటుణ్ణి కాను, రచయితనూ కాను. నలభై ఏళ్ళుగా నాటకాలు చూస్తున్నాను, నా అర్హత అంతే. కందుకూరి వీరేశలింగం గారి పుట్టినరోజైన ఏప్రిల్ 16ను మనం తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఈ రోజున నటులను, దర్శకులను తలచుకోవడం ఆనవాయితీ. 1880లో రాజమహేంద్రవరంలో ఆయన ప్లీడర్ల వ్యవహారాల మీద రాసిన ‘వ్యవహార ధర్మబోధిని’ని విద్యార్థులు ప్రదర్శించినప్పుడు ఎదురుగా కూర్చుని చూసినవాళ్ళు కూడా ఉన్నారు కదా. ఏ చరిత్రలోనూ పేర్లకెక్కని ఆ జనం తరఫున ఈ నాలుగు మాటలు మాట్లాడతాను. నాటకం ఎలా ఉండాలో నటుడెంత నిర్ణయిస్తాడో, చూసేవాడూ అంతే నిర్ణయిస్తాడని నా అనుభవం.

నా చిన్నతనంలో మా ఊళ్ళో శివరాత్రికి తెల్లవార్లూ పద్యనాటకం ఆడేవారు. గోనెపట్టాలు పరుచుకుని, దుప్పట్లు కప్పుకుని కూర్చునేవాళ్ళం. మా తాతగారికి చదువు రాదు కానీ, తిరుపతి వేంకట కవుల రాయబారం పద్యాలు మొదటి నుంచి చివరి దాకా నోటికి వచ్చు. నటుడు ఒక పాదంలో మాట తప్పితే, అతడు సర్దుకునేలోపే జనంలో నుంచి ఎవరో ఒకరు ఆ మాట అందించేవారు. పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి మరొక కృష్ణుడు వచ్చేవారు. ఇద్దరిలో ఎవరి గొంతు ఎక్కడ ఆగుతుందో, హార్మోనియం ఎక్కడ ఆదుకుంటుందో మా వాళ్ళకు ముందే తెలుసు. అంత తెలిసిన జనం ముందు నిలబడి పాడాలంటే నటుడికి భయం ఉండేది, ఆ భయం వల్లనే సాధన చేసేవాడు.

అదే జనం చేసిన చెరుపు గురించీ చెప్పాలి. ‘సత్యహరిశ్చంద్రీయం’ కాటి సీనులో చంద్రమతి కొడుకు శవాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తూ ఉంటుంది. హరిశ్చంద్రుడు గుండె పగిలే పద్యం ఒకటి పాడతాడు. వెంటనే వన్స్‌మోర్! ఆయన మళ్ళీ ఎత్తుకుంటాడు. మరొకసారి అడుగుతారు, మూడోసారీ పాడతాడు. చంద్రమతి అంతసేపూ ఏడుపు ఆపి, ముఖాన ఏ భావం పెట్టుకోవాలో తెలియక అలాగే కూర్చుని ఉంటుంది. పద్యంలోని అర్థం వెనక్కిపోయి రాగం సాగదీయడమే మిగిలిందని విమర్శకులు నటులను తప్పుపట్టారు కానీ, ఆ సాగదీతను చప్పట్లు కొట్టి పెంచి పోషించినది మనమే. నేనూ కొట్టాను, దాచుకోవడం ఎందుకు.

సురభి వారిని చూడండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన ఆ కుటుంబ నాటకరంగం తరతరాలుగా ఊరూరా డేరా వేసి, టిక్కెట్టు పెట్టి బతికింది. ఈ రోజు చూసినవాడు రేపు మళ్ళీ డబ్బిచ్చి రావాలంటే, రేపటికి మరో నాటకం సిద్ధంగా ఉండాలి. రంగులు వేసిన తెరలు, వేదిక మీద కనికట్టులా జరిగిపోయే మాయలు, ఉయ్యాలలో పిల్లవాడి నుంచి ముసలివాళ్ళ దాకా అందరికీ ఒక పాత్ర ఉండడం, ఇవన్నీ ఆ టిక్కెట్టు కొన్న జనం కోసం పెరిగినవి.

మన పరిషత్తుల దారి వేరు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు ఏర్పడిన తరువాత పోటీ నాటకాలకు ఒక ఒరవడి వచ్చింది, మంచి రచయితలు, గొప్ప నటులు ఆ దారిలోనే వచ్చారు. అయితే ప్రవేశం ఉచితం కావడంతో, చూసేవాడి మాటకు విలువ పోయి, ముందు వరుసలో చిన్న దీపం వెలుగులో మార్కులు వేసే ముగ్గురు న్యాయనిర్ణేతల మాటే మిగిలింది. వాళ్ళను కదిలించడానికి చివరి పది నిమిషాల్లో తప్పనిసరిగా ఒక చావో, ఒక పశ్చాత్తాపమో వచ్చి తీరుతుంది. ఇది రచయితల తప్పు అనను. టిక్కెట్టు కొనని మనకు, “ఈ ఏడుపు మాకొద్దు, వేరే నాటకం ఆడండి” అని అడిగే హక్కు ఎక్కడిది?

దీనికి తోడు సన్మానాలు. నాటకానికి ముందు గంటన్నర శాలువలు కప్పడం, కప్పించుకున్నవారు ఫొటో కాగానే కారెక్కి వెళ్ళిపోవడం, వాళ్ళ వెంట వచ్చినవాళ్ళూ లేవడం మీరు చూస్తూనే ఉన్నారు. ఈ ప్రసంగం కూడా ఆ జాబితాలోనిదే కనుక త్వరగా ముగిస్తాను. ఫలితం ఏమిటంటే, రాత్రి పదకొండు దాటాక మూడో నాటిక మొదలయ్యేసరికి హాల్లో ఇరవై మంది ఉంటారు, అందులో పన్నెండు మంది తరువాతి బృందం వాళ్ళు. సెట్టు ముక్కలను రైల్లో వేసుకుని, సెలవులు పెట్టుకుని రెండు వందల కిలోమీటర్లు వచ్చినవాళ్ళు ఆ ఖాళీ కుర్చీలకు నటించి వెళ్తారు.

మా వీధిలో పదిమందిమి కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నాం. ప్రవేశం ఉచితమైనా సరే, మనిషికి నూరు రూపాయల చొప్పున కవరులో పెట్టి, ఆఖరున ఆడిన బృందానికి ఇస్తాం. అందుకోసం ఆఖరి దాకా కూర్చోవలసి వస్తుంది, అసలు ఉద్దేశం అదే. ఫోనులు ఆపేస్తాం. వీడియో తీయడానికి ఒకరు ఫోను ఎత్తితే వెనుక నాలుగు వరుసల కళ్ళు ఆ వెలుగు మీదికే పోతాయి. అయ్యాక తెర వెనుకకు వెళ్ళి “బాగుందండీ” అని ఊరుకోకుండా, ఏ మాట దగ్గర మాకు ఊపిరాడలేదో, ఎక్కడ గడియారం చూసుకున్నామో రెండూ చెబుతాం. రెండో మాటకు ఒకసారి ఒక దర్శకుడికి కోపం వచ్చింది, పరవాలేదు.

ఒక సంగతి చెప్పి కూర్చుంటాను. కొన్నేళ్ళ క్రితం ఒక నాటికలో మతిమరుపు తాత కళ్ళజోడు కోసం ఇల్లంతా వెతుకుతున్నాడు. అది చొక్కా జేబులోంచి తొంగి చూస్తోంది. మా పక్కన కూర్చున్న ఏడేళ్ళ పాప ఉండబట్టలేక లేచి, “జేబులో ఉంది తాతా!” అని అరిచింది. హాలంతా నవ్వింది. నటుడు ఒక క్షణం ఆగి, జేబు తడుముకుని, పాప వైపు తిరిగి, “ఎవరికీ చెప్పకమ్మా, రేపు కూడా వెతకాలి” అన్నాడు. అది నాటికలో రాసిన మాట కాదు. ఆ తరువాత ఇరవై నిమిషాలూ ఆ ముసలాయన మా ఇంటి మనిషి అయిపోయాడు.

మరుసటి ఏడాది మరో ఊళ్ళో అదే నాటిక చూశాను. పాప అన్న మాటను ఈసారి నాటికలోని మనవరాలి చేత చెప్పించారు, తాత జవాబు కూడా మక్కీకి మక్కీ అదే. నాటిక అయ్యాక ఆ నటుడిని కలిశాను. మనవరాలు ఎంత బాగా చెప్పినా ఆ రోజు వచ్చిన నవ్వు రావడం లేదని, అందుకే ఇప్పటికీ ఆ సీను రాగానే జేబు కొంచెం ముందుకు తిప్పి, ఎవరైనా అరుస్తారేమోనని మనవరాలి కంటే ముందు ఒక రెండు క్షణాలు ఆగుతున్నానని చెప్పాడు.